ఇరవై కోట్ల గుడ్డ

పోయిన సంచికలో రేపియర్ మగ్గం గురించి రాశాక సూరత్ నుంచి, భివండి నుంచి కొందరు పిల్లలు ఒకటే మాట అడిగారు. "మగ్గాలు మేం రోజూ చూస్తూనే ఉన్నాం. ఫోన్లో కనబడే ఆ కోట్ల రూపాయల కార్ల గురించి రాయండి" అని. సరే, రాస్తాను. అయితే ముందే చెప్పేస్తున్నా, ఈ కారు సంగతి తిరిగి తిరిగి మళ్లీ మగ్గం దగ్గరికే వచ్చింది. నేను లాక్కొచ్చింది కాదు, అదే అటు నడిచింది.

ఈ కార్లని హైపర్‌కార్లు అంటారు. ఫెరారీ, లంబోర్గినీ లాంటివి సూపర్‌కార్లయితే, వాటికి ఒక మెట్టు పైన ఉండేవి ఇవి. బలం వెయ్యి హార్స్‌పవర్‌కి దగ్గరో, ఇంకా పైనో. తయారయ్యేవి పదులు, వందల్లోనే. 2005లో వచ్చిన బుగాటీ వేరాన్‌తో ఈ పిచ్చి బాగా ముదిరింది. పదహారు సిలిండర్లు, నాలుగు టర్బోలు, వెయ్యిన్నొక్క హార్స్‌పవర్, గంటకి 400 కిలోమీటర్లు దాటే వేగం. అంత పెట్రోలు మండితే పుట్టే వేడిని బయటికి తోలడానికి దానికి పది రేడియేటర్లు పెట్టాల్సొచ్చింది. మన లారీకి ఒక్కటి చాలు.

నేను చెప్పబోయేది దాని తర్వాతి తరం. పేరు బతిస్తా. ఆటోమొబిలి పినిన్‌ఫరీనా అనే కంపెనీది. తయారయ్యేది ఇటలీలో, కానీ కంపెనీ మన మహీంద్రా వాళ్లది. ట్రాక్టర్లు చేసే మహీంద్రానే. బతిస్తా ఫరీనా అనే పెద్దమనిషి 1930లో ఇటలీలో కార్ల బాడీలు కట్టే కార్ఖానా పెట్టాడు. ఆయన పేరే కారుకి పెట్టారు. 2019లో జెనీవా మోటార్ షోలో మొదట చూపించారు. మొత్తం చేసేవి 150 మాత్రమే అన్నారు. ధర ఇరవై లక్షల యూరోల పైమాటే, మన డబ్బులో సుమారు ఇరవై కోట్లు, పన్నులు కాకుండా. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కరెంటు కార్ల పందెం జరిగింది కదా, ఆ రోజుల్లోనే ఈ కారు హైదరాబాద్ వచ్చింది. తెలుగు నేల మీద చాలామంది దాన్ని కళ్లారా చూసింది అప్పుడే.

ఇది పూర్తిగా కరెంటు కారు. ఇంజను లేదు. చక్రానికి ఒకటి చొప్పున నాలుగు మోటార్లు, నాలుగూ కలిపి 1900 హార్స్‌పవర్. ఈ అంకె నోటితో అనేస్తే ఏమీ అనిపించదు. మన లెక్కలోకి తెస్తేనే తెలుస్తుంది. మామూలు మరమగ్గానికి తగిలించే మోటారు ఒక హార్స్‌పవర్. అంటే 1900 మగ్గాల మోటార్లు ఒక్క కారులో కూర్చున్నాయన్న మాట. ఒక వరసలో ఇరవై మగ్గాలు అనుకుంటే తొంభై అయిదు వరసలు. మార్కండి లెక్కలో చెప్పాలంటే, మన తీరంలో తెప్పకి బిగించే ఇంజను సుమారు పది హార్స్‌పవర్, కాబట్టి నూట తొంభై తెప్పల ఇంజన్లు. ఒక్క ఊరి వాళ్లందరూ ఒకేసారి వేటకి దిగినా అన్ని ఇంజన్లు అవవేమో.

ఇక వేగం. నిలబడ్డ చోటునుంచి గంటకి వంద కిలోమీటర్ల వేగం అందుకోడానికి దీనికి పట్టేది 1.86 సెకన్లు. రెండొందలకి 4.75 సెకన్లు. చెట్టు మీంచి కొబ్బరికాయ వదిలితే అది భూమి లాగుడుకి పడుతూ పడుతూ వంద కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే 2.8 సెకన్లు కావాలి, సుమారు నలభై మీటర్ల ఎత్తు కావాలి. అంత ఎత్తు కొబ్బరిచెట్టు మన వైపు ఎక్కడుంది? అంటే ఈ కారు అడ్డంగా పరిగెత్తే వేగం, కాయ కిందికి పడే వేగం కంటే ఎక్కువ. లోపల కూర్చున్న అరవై కిలోల మనిషిని సీటు వెనకనుంచి తొంభై కిలోల బరువుతో తోసినట్టు ఉంటుంది. ఇండోర్ దగ్గర పీథంపూర్‌లో నాట్రాక్స్ అని 11.3 కిలోమీటర్ల గుండ్రటి పరీక్ష రోడ్డుంది. అక్కడ దీన్ని పరిగెత్తించి చూశారు. పావు మైలు, అంటే దాదాపు నాలుగొందల మీటర్లు, 8.55 సెకన్లలో దాటింది.

మోటారు బలంగా ఉంటే సరిపోదు. టైరు రోడ్డుని పట్టుకోవాలి. బలం ఎక్కువైతే చక్రం ఉన్నచోటే గిరగిరా తిరిగి రబ్బరు కాలుతుందే తప్ప బండి కదలదు. అందుకే ప్రతి చక్రం ఎంత జారుతోందో యంత్రం క్షణక్షణం కనిపెట్టుకుంటూ, ఏ మోటారుకి ఎంత కరెంటు ఇవ్వాలో మార్చుకుంటూ పోతుంది. మన మగ్గం మీద పడుగు పోగు తెగగానే డ్రాప్ వైర్ పడిపోయి మగ్గం ఆగిపోతుంది చూశారా, ఆలోచన అదే. పోగు తెగిందన్న సంగతి మనిషి కంటే ముందు యంత్రానికి తెలియాలి. కాకపోతే మగ్గం ఆగుతుంది, ఇది ఆగకుండా సర్దుకుంటుంది. బ్రేకు కూడా అంతే గట్టిది. వంద కిలోమీటర్ల వేగం నుంచి 31 మీటర్లలో నిలబడిపోతుంది.

ఇంత చదివి "అబ్బో" అనుకునేవాళ్లకి ఒక చిన్న లెక్క. ఈ కారు బ్యాటరీలో పట్టేది 120 యూనిట్ల కరెంటు. మీ మీటరులో తిరిగే యూనిట్లే. పూర్తి బలంతో, 1900 హార్స్‌పవర్ మొత్తం వాడుతూ పోతే అది అయిదు నిమిషాల్లో ఖాళీ. అందుకే ఆ బలం కొన్ని సెకన్ల వైభోగం. మెల్లగా నడిపితే నాలుగొందల కిలోమీటర్ల పైన వెళ్తుంది గానీ, మెల్లగా నడపడానికి ఇరవై కోట్లు ఎందుకు? అదే 120 యూనిట్లతో ఒక హార్స్‌పవర్ మగ్గం మోటారు నూట అరవై గంటలు తిరుగుతుంది. పన్నెండు గంటల షిఫ్టు లెక్కన పదమూడు షిఫ్టులు. కారు అయిదు నిమిషాలు ఎగరడానికీ, మగ్గం పదమూడు షిఫ్టులు బట్ట నెయ్యడానికీ ఖర్చు ఒక్కటే. ఇంకో మాట కూడా. 1900 హార్స్‌పవర్ కారు పిల్లిలా పోతుంది, ఒక్క హార్స్‌పవర్ మగ్గం చెవులు తీసేస్తుంది. చప్పుడు తగ్గించడం సైన్సుకి చేతకాక కాదు. ఎవరి చెవుల కోసం ఖర్చు పెడతారన్నదే తేడా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఈ కారు బరువు రెండు టన్నుల పైమాట. బ్యాటరీయే పెద్ద బరువు. అంత బ్యాటరీ మోస్తూ, అంత వేగంగా మలుపు తిరుగుతూ మెలిక పడకుండా ఉండాలంటే కారు ఎముకల గూడు చాలా గట్టిగా ఉండాలి, మళ్లీ తేలిగ్గా ఉండాలి. ఇనుముతో కడితే గట్టిదే, కానీ బరువు. అందుకని దీని గూడు, పైతొడుగు కార్బన్ ఫైబర్‌తో చేశారు. ఈ ఒక్కటే కాదు, ఇప్పుడొచ్చే హైపర్‌కార్లన్నీ దాదాపు అంతే. కార్బన్ ఫైబర్ అంటే ఏదో కొత్త లోహం అనుకుంటారు చాలామంది. కాదు. అది గుడ్డ. పడుగూ పేకా ఉన్న గుడ్డ.

దాని పుట్టుక చెప్తే మీకు నవ్వొస్తుంది. స్వెట్టర్లకి, దుప్పట్లకి వాడే యాక్రిలిక్ నూలు జాతిదే ముడిసరుకు. ఆ తెల్లటి పోగుని బిగదీసి పట్టుకుని, గాలి తగిలే కొలిమిలో రెండొందల నుంచి మూడొందల డిగ్రీల మధ్య గంటసేపో ఆపైనో కాలుస్తారు. తెలుపు పసుపవుతుంది, గోధుమరంగవుతుంది, నల్లబడుతుంది. తర్వాత గాలి చొరని కొలిమిలో వెయ్యి డిగ్రీల పైన కాలుస్తారు. బరువులో సగం దాకా పొగైపోతుంది. మిగిలేది ఇంచుమించు పూర్తిగా కార్బన్. ఒక్కో పోగు మందం మన తలవెంట్రుకలో పదో వంతు. ఇనుముతో పోలిస్తే బరువు నాలుగో వంతు కూడా ఉండదు. అలాంటివి మూడు వేలు కలిపి ఒక పేటగా చేస్తే దాన్ని త్రీ-కే అంటారు, పన్నెండు వేలైతే ట్వెల్వ్-కే. చివర్లో, మనం పడుగుకి గంజి పెట్టినట్టే, దీనికీ సైజింగ్ పెడతారు. లేకపోతే మగ్గం మీద పోగులు చిట్లి బూజు లేస్తుంది. ఆ బూజుతో ఇంకో తంటా ఉంది. కార్బన్‌లో కరెంటు పారుతుంది. ఎగిరిన పీచు స్విచ్ బోర్డులో పడితే షార్ట్ సర్క్యూట్ అయిపోతుంది. అందుకే ఆ నేత షెడ్లలో కరెంటు పెట్టెలు గాలి దూరకుండా మూసి ఉంచుతారు. మన షెడ్లలో దూది బూజు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. దానికి మాత్రం మూతలు పెట్టలేదు.

నేసేది రేపియర్ మగ్గం మీద. ఎక్కువగా ట్విల్ నేత. రెండు పోగుల మీదనుంచి, రెండు పోగుల కిందనుంచి, ప్రతి వరసకీ ఒక పోగు జరుగుతూ. ఎందుకు సాదా నేత కాదు? గుడ్డ నేసినవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. సాదా నేత బిగుసుకుపోయి ఉంటుంది, వంపుల మీద పరిస్తే ముడతలు పడుతుంది. ట్విల్ వంగుతుంది, ఒంపుకి ఒదుగుతుంది. కారు బానెట్టూ చక్రాల మీది గుండ్రాలూ అన్నీ ఒంపులే కదా. ఆ గుడ్డకి జిగురు పట్టించి, అచ్చులో పొరలు పొరలుగా పరుస్తారు. ఒక పొర నిలువుగా, ఒకటి అడ్డంగా, ఒకటి ఏటవాలుగా, ఏ వైపు బలం కావాలంటే ఆ వైపు పోగులు ఉండేలా. పైన సంచి కప్పి గాలి లాగేసి, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో పెట్టి ఒత్తిడిలో ఉడికిస్తారు. బయటికొచ్చేసరికి గుడ్డ ఇనుముతో పోటీ పడే డిప్ప అవుతుంది. పోగు ఒకటి తప్పితే, ముడత పడితే, గాలిబుడగ మిగిలితే ఆ ముక్క పనికిరాదు. నేను పనిచేసిన ఒక మిల్లులో థాను మీద ఒక్క పేక పోతే కూలి కోసేవారు. పేక పోవడానికి కారణం అరిగిపోయిన యంత్రం అయినా సరే. కార్బన్ గుడ్డ నేసే చోట పేక పోతే ముందు యంత్రాన్ని తనిఖీ చేస్తారు.

మొదట రేసు కారుకి ఈ గుడ్డతో గూడు కట్టింది మెక్‌లారెన్ వాళ్లు, 1981లో. అప్పటికి అందరూ నవ్వారు, గుద్దుకుంటే పొడైపోతుందని. అదే ఏడు ఇటలీలో మాంజా పందెంలో జాన్ వాట్సన్ అనే డ్రైవరు కారు గోడకి కొట్టుకుని వెనకభాగం ఊడిపోయింది. అతను మాత్రం కారులోంచి దిగి నడిచి వచ్చాడు. తర్వాత నవ్వినవాళ్లు లేరు.

ఇందులో నాకు అన్నిటికంటే బాగా నచ్చిన కథ జపాన్‌ది. సకిచి టొయోడా అని మగ్గాలు కనిపెట్టిన ఆయన, వాళ్లమ్మ చేమగ్గం మీద పడే పాట్లు చూసి మొదలుపెట్టాడంటారు. నాడెని ఆగకుండానే మార్చే ఆటోమేటిక్ మగ్గం 1924లో చేశాడు. ఆ మగ్గం హక్కులు 1929లో ఇంగ్లండు కంపెనీ ప్లాట్ బ్రదర్స్‌కి అమ్మారు, లక్ష పౌండ్లకి. ఆయన కొడుకు కార్ల పనిలోకి దిగాడు. అదే టొయోటా. ఎనభై ఏళ్ల తర్వాత అదే టొయోటా లెక్సస్ ఎల్‌ఎఫ్‌ఏ అని ఒక పెద్ద కారు చేసింది, 2010 నుంచి 2012 దాకా కేవలం 500. దాని గూడు మొదట అల్యూమినియంతో అనుకున్నారు, తర్వాత కార్బన్ ఫైబర్‌కి మారారు. పైకప్పు అంచుల గొట్టాలు చెయ్యడానికి కార్ల వాళ్ల దగ్గర యంత్రం లేదు. అప్పుడు తాతల నాటి మగ్గం విద్య మళ్లీ బయటికి తీశారు. గుండ్రటి మగ్గం ఒకటి తయారుచేసి, చుట్టూ కండెలు తిరుగుతూ కార్బన్ పోగుల్ని గొట్టంలా అల్లేట్టు చేశారు. మగ్గం అమ్మి కారు చేశారు, ఆ కారు కోసం మళ్లీ మగ్గం చేశారు. కార్బన్ ఫైబర్ అమ్మేవాళ్లలో ప్రపంచంలో పెద్దది టోరే కంపెనీ. 1926లో అది మొదలైంది కూడా రేయాన్ నూలు మిల్లుగానే.

ఇదంతా ఎక్కడో జరిగింది, మనకేంటి అంటారా? మార్కండి ఒడ్డుకి రండి. గోపాలపూర్‌కి దక్షిణాన మా ఊరు. మా నాన్న తరం దుంగలు కట్టిన చెక్క తెప్ప మీద వెళ్లింది. మా తమ్ముడు ఫైబర్ తెప్ప మీద వెళ్తాడు. ఆ ఫైబర్ ఏమిటి? గాజు పోగుల గుడ్డ. అచ్చుకి మైనం రాసి, గుడ్డ పరిచి, జిగురు పూసి, రోలరుతో బుడగలు నొక్కేసి, మళ్లీ గుడ్డ, మళ్లీ జిగురు. హైపర్‌కార్ డిప్ప చేసే విద్యకి ఇది తమ్ముడి వరస. ఒక్క పోగు గాజుది, ఒక్కటి కార్బన్‌ది. ఆటోక్లేవ్ బదులు ఎండ. మా ఒడ్డున తెప్పకి అతుకేసే కుర్రాడు బుడగ మిగిలితే ఎక్కడ పగులుతుందో వేలితో తట్టి చప్పుడు విని చెప్తాడు. ఇటలీలోనూ తట్టే చూస్తారు, కాకపోతే చేతిలో ఇంకో పరికరం కూడా ఉంటుంది.

కార్బన్ గొప్పది, గాజు తక్కువది అని కూడా అనుకోవద్దు. కార్బన్ గాజుకంటే మూడింతలు బిగువు. కానీ సాగదు. హద్దు దాటితే ఒక్కసారిగా పటుక్కున పోతుంది. గాజు పోగు చాలాదాకా సాగి ఓర్చుకుంటుంది. అల మీంచి దూకి ఇసుకలో గుద్దుకునే తెప్పకి గాజే మంచిది. కారు పెట్టే దెబ్బ వేరు, సముద్రం పెట్టే దెబ్బ వేరు.

అక్కడే ఒక హెచ్చరిక కూడా రాయాలి. తెప్ప అతుకేసేటప్పుడు గ్రైండరు పెడితే లేచే గాజు పొడి కళ్లలో, చర్మంలో, ఊపిరిలో గుచ్చుకుంటుంది. జిగురులో కలిపే హార్డెనరు కంట్లో పడితే చూపు పోవచ్చు. మా ఒడ్డున చాలామంది ముఖానికి తువ్వాలు చుట్టుకుని కానిస్తున్నారు. తువ్వాలు దాన్ని ఆపదు. మంచి మాస్కు, కళ్లద్దాలు, చేతులకి గ్లవ్స్ ఉండాలి. ఎండలో జిగురు డబ్బా, హార్డెనరు డబ్బా పక్కపక్కన పెట్టకూడదు.

మా అక్క కొడుకు ఈ ఏడు పదో తరగతి పరీక్ష రాశాడు. ఫలితాలు రాకముందే బరంపురంలో అహ్మదాబాద్ రైలెక్కి సూరత్ పోతానంటున్నాడు. "లూమ్ మీద నిలబడ్డానికి సదువెందుకు మావా? నువ్వేటి సదివావు?" అన్నాడు. మాటలో తప్పు లేదు. వాళ్ల నాన్న తెప్ప ఇంజను అప్పు ఇంకా తీరలేదు, మా అక్క మీద ఎవరైనా గట్టిగా మాట్లాడగలరా? నేను వాడికి ఆ 1.86 సెకన్ల లెక్క ఇచ్చాను. ఎంత దూరంలో వంద అందుకుంటుందో కట్టమన్నాను. కాగితం, పెన్సిలు తీసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. పావుగంటలో "ఇరవై ఆరు మీటర్లు మావా, దగ్గర దగ్గర" అన్నాడు. సరిగ్గా ఉంది. తర్వాత కార్బన్ గుడ్డ గురించి చెప్పాను. సూరత్ పక్కనే హజీరాలో ఏడాదికి ఇరవై వేల టన్నుల కార్బన్ ఫైబర్ మిల్లు పెడతామని రిలయన్స్ 2022 ఆగస్టులో ప్రకటించింది. కేంద్రం అంతకు రెండేళ్ల ముందే ఇలాంటి సాంకేతిక వస్త్రాల కోసం 1480 కోట్ల పథకం ఒప్పుకుంది. రేపు ఆ మిల్లులో మగ్గం ముందు నిలబడేవాడికి పోగు ఎందుకు తెగిందో, ఎంత బిగువులో తెగిందో చెప్పగలిగే చదువు కావాలి. "అయితే నాకు పని అక్కడ ఇస్తారా?" అన్నాడు. నేను ఇస్తారనలేదు. బరంపురం ఐటీఐ ఫారం తెచ్చి వాళ్లింట్లో దేవుడి పటం వెనక పెట్టాను. అది ఇంకా అక్కడే ఉంది. రైలు టిక్కెట్టు కూడా ఇంకా తియ్యలేదు.

ఇక మీకో పని. ఈసారి ఫోన్లో అలాంటి కారు వీడియో వచ్చినప్పుడు చక్రాలూ చప్పుడూ వదిలేసి, తలుపు తెరిచినచోట ఆపండి. రంగు వెయ్యని నల్లటి గడప కనబడుతుంది. వేళ్లతో పెద్దది చేసి చూడండి. ఏటవాలుగా మెట్లు మెట్లుగా గీతలుంటాయి. ఒక గీత పట్టుకుని లెక్కపెట్టండి, రెండు మీద, రెండు కింద, ఒకటి జరిగి మళ్లీ రెండు మీద.